తొమ్మిది సీసీల తేడా

డాట్సన్ జెడ్ కార్ల ఇంజన్లు కట్టేవాళ్ల నోట ఎప్పుడూ ఇ31, ఇ88, ఎన్42, ఎన్47, పి79, పి90 అనే మాటలే వినిపిస్తాయి. సిలిండర్ హెడ్డును పోత పోసినప్పుడు దాని పక్కన ఉబ్బెత్తుగా మిగిలిపోయిన అచ్చు గుర్తులివి. అమెరికాలోని పాత కార్ల యార్డులో బానెట్ ఎత్తినవాడి కన్ను ముందుగా వెతికేది ఆ గుర్తునే. ఇ31 కనబడితే బేరం ఒకలా సాగుతుంది, పి79 కనబడితే ఇంకోలా. వీటిలో ఏది గొప్పదన్న వాదన దశాబ్దాలుగా తెగలేదు. తెగదు కూడా, ఎందుకంటే తిరకాసు ప్రశ్నలోనే ఉంది. పెట్రోలు మండే గదికి హెడ్డు పైకప్పు మాత్రమే. గోడలు బ్లాకువి, నేల పిస్టన్‌ది. కింద ఏ పిస్టన్ ఉందో, ట్యాంకులో ఏ పెట్రోలు పడుతోందో చెప్పకుండా హెడ్డు మంచిచెడ్డలు తేల్చడం కుదిరే పని కాదు.

ఈ వాదనకు బీజం వేసింది నిస్సాన్ కంపెనీయే. 1969 చివర్లో ఆ కంపెనీ జపాన్‌లో ఫెయిర్‌లేడీ జెడ్, అమెరికాలో డాట్సన్ 240జెడ్ పేరుతో ఒక రెండు సీట్ల కారు తెచ్చింది. 240జెడ్‌లోని ఎల్24 ఇంజన్‌కు ఆరు సిలిండర్లు, అన్నీ ఒకే వరసలో. ఇనుప బ్లాకు, దాని మీద అల్యూమినియం హెడ్డు, హెడ్డు మీద ఒక్క క్యామ్‌షాఫ్ట్, సిలిండర్‌కు రెండేసి వాల్వులు. బోరు 83 మి.మీ., స్ట్రోకు 73.7 మి.మీ., మొత్తం 2393 సీసీ. 1974లో స్ట్రోకు 79కి పెంచి 260జెడ్ అన్నారు. మరుసటి ఏడాది బోరు 86కి పెంచి, 2753 సీసీల ఎల్28తో 280జెడ్ తెచ్చారు. 1983 దాకా ఈ ఇంజనే నడిచింది. ఇన్నేళ్లలో హెడ్డు లోపల చాలా మారింది. బ్లాకుకు బిగించే బోల్టుల అమరిక మాత్రం మారలేదు. 1970 నాటి హెడ్డును 1983 నాటి బ్లాకు మీద దించితే బోల్టులన్నీ చక్కగా కూర్చుంటాయి. కూర్చున్నంత మాత్రాన నప్పినట్టు కాదు, చిక్కంతా అక్కడే.

ఆరు సిలిండర్ల వరస ఇంజన్‌కు ఒక సహజ సుగుణం ఉంది. పిస్టన్లు మూడు జతలుగా, ఒక్కో జతకూ మధ్య మూడో వంతు చుట్టు తేడాతో కదులుతాయి. వాటి ఊపులో పుట్టే బలాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి కాబట్టి వేగంగా తిప్పినా పెద్దగా వణుకు పుట్టదు. ఈ కార్లు రేసుల్లోనూ ర్యాలీల్లోనూ రాణించాయి. 1971, 1973లలో తూర్పు ఆఫ్రికా సఫారీ ర్యాలీ గెలిచింది 240జెడ్‌లే. 1973లో స్టీరింగు పట్టిన శేఖర్ మెహతా ఉగాండాలో పుట్టిన భారత సంతతివాడు. వణుకు లేని ఆ సుగుణానికి చెల్లించే మూల్యం పొడవు. ఆరు బోర్లు ఒకదాని పక్కన ఒకటి పేర్చాలంటే హెడ్డు రెండడుగులు దాటుతుంది. ఆ పొడవు తెచ్చే తంటాలు కాసేపట్లో చూద్దాం.

ముందు లెక్క. ఎల్28లో ఒక్కో సిలిండర్‌లో పిస్టన్ కింది నుంచి పైకి ఊడ్చే జాగా 458.8 సీసీ. పిస్టన్ పూర్తిగా పైకి చేరాక మిగిలే జాగా హెడ్డులోని గుంట, గ్యాస్కెట్టు మందం, పిస్టన్ తల ఆకారం కలిస్తే వచ్చేది. ఈ రెండూ కలిపిన మొత్తం జాగాను మిగిలిన జాగాతో భాగిస్తే వచ్చేదే కంప్రెషన్ నిష్పత్తి. 1981 నుంచి, 280జెడ్ తర్వాతి మోడలైన 280జెడ్ఎక్స్‌లో టర్బో లేని రకానికి పి79 హెడ్డు, తల చదునుగా ఉండే ఫ్లాట్ టాప్ పిస్టన్లు వచ్చాయి. నిష్పత్తి 8.8. అంటే పైన మిగిలే జాగా 58.8 సీసీ. అందులో పి79 హెడ్డు గుంట వాటా 53.6 సీసీ. ఇప్పుడు ఆ హెడ్డు తీసేసి, 1975 నాటి ఎన్42 పెడదాం. దాని గుంట 44.6 సీసీ. తొమ్మిది సీసీలు తగ్గాయి. రెండు టీస్పూన్ల నీళ్లంత కూడా కాదు. కానీ నిష్పత్తి 8.8 నుంచి 10.2కి ఎగబాకింది. అందరూ వెంటపడే ఇ31 పెడితే ఇంకా పైకి పోతుంది. దాని గుంట 42.4 సీసీ కాబట్టి 10.6 దాటుతుంది.

కంప్రెషన్ పెరిగితే బలం పెరుగుతుందని అందరూ చెప్పేదే. ఎంత పెరుగుతుందని మాత్రం తక్కువమంది అడుగుతారు. పుస్తకాల్లోని ఆదర్శ సూత్రం ప్రకారం 8.8 నుంచి 10.2కి పోతే ఇంజన్ సామర్థ్యం నాలుగైదు శాతం మెరుగవుతుంది. 150 హార్స్‌పవర్ ఇంజన్‌కు ఆరేడు హార్స్‌పవర్. అంతే. ఆ ఆరేడు కోసం పెట్టే పందెం మాత్రం పెద్దది, దాని పేరు నాకింగ్.

స్పార్క్ ప్లగ్గు దగ్గర అంటుకున్న మంట గదంతా ఒక్కసారిగా వ్యాపించదు. ప్లగ్గు నుంచి అటు చివరికి పాకుతూ పోతుంది. అది చేరేలోగా చివరన ఉన్న మిశ్రమం నలిగి, వేడెక్కి, కొన్నిసార్లు తనంతట తానే భగ్గుమంటుంది. అప్పుడు పుట్టే ఒత్తిడి అలలు పిస్టన్‌ను, గ్యాస్కెట్టును కొడతాయి. బయటికి టకటకమని వినిపించేది ఆ దెబ్బలే. కంప్రెషన్ పెరిగినకొద్దీ చివరి మిశ్రమం ముందే వేడెక్కి ఉంటుంది కాబట్టి ప్రమాదం పెరుగుతుంది. దీనికి మెకానిక్ చేసే తక్షణ చికిత్స స్పార్కును ఆలస్యం చేయడం. చప్పుడు ఆగుతుంది, దాంతోపాటు బలమూ జారిపోతుంది. 10.2 పెట్టి, నాకింగ్‌కు భయపడి టైమింగ్ వెనక్కి తిప్పుకుంటే కంప్రెషన్‌తో వచ్చిన ఆరేడు హార్స్‌పవర్ పోయి, ఒక్కోసారి చేతి సొమ్ము కూడా పోతుంది. ఎన్42ను ఫ్లాట్ టాప్ పిస్టన్ల మీద దించిన చాలామంది కథ ఇదే.

గుంట ఎంత అన్నది ఒక ఎత్తు, ఎలాంటి గుంట అన్నది ఇంకో ఎత్తు. ఎన్42, ఎన్47 హెడ్లలో గుంట విశాలంగా, బోరు అంచు దాకా పరుచుకుని ఉంటుంది. పి79, పి90లలో అలా కాదు. గుంటకు ఒక పక్కన చదునైన మెట్టు వదిలారు. పిస్టన్ పైకి వచ్చినప్పుడు దాని తలకూ ఈ మెట్టుకూ మధ్య మిల్లీమీటరుకు అటూ ఇటూగా మాత్రమే సందు మిగులుతుంది. ఆ సందులో ఉన్న మిశ్రమం నలిగి, ప్లగ్గు ఉన్న వైపు చిమ్ముకుపోతుంది. సుడి రేగి మంట వేగంగా పాకుతుంది. చివరన ఉండి తనంతట అంటుకోవాల్సిన మిశ్రమం పరిమాణమూ తగ్గిపోతుంది, ఉన్న కాస్తా రెండు చల్లటి లోహపు తలాల మధ్య పలచటి పొరగా ఉంటుంది. మంట వేగంగా పాకితే స్పార్కును మరీ ముందుగా ఇవ్వక్కర్లేదు. ఒకే కంప్రెషన్, ఒకే పెట్రోలు ఉన్నా ఈ మెట్టు ఉన్న గది నాకింగ్‌ను ఎక్కువగా తట్టుకుంటుంది.

పి90 చరిత్ర ఇక్కడే రక్తి కడుతుంది. అది 1981లో వచ్చిన టర్బో ఇంజన్ హెడ్డు. టర్బో గాలిని నెట్టి కుక్కుతుంది కాబట్టి పిస్టన్ తలలు గుంటగా చేసి, కంప్రెషన్ కావాలనే 7.4కి తగ్గించారు. 53.6 సీసీల పెద్ద గుంట చూసి, టర్బో లేని ఇంజన్ కట్టేవాళ్లు దీన్ని పక్కన పడేసేవారు. తర్వాత ఒక ఆలోచన బలపడింది. హెడ్డు అడుగును 2 మి.మీ. చెక్కేస్తే గుంట ఇంచుమించు ఎన్42 అంత చిన్నదవుతుంది, చదును మెట్టు మాత్రం పోదు. అప్పుడు 10కి పైగా కంప్రెషన్, నాకింగ్‌కు ఎదురొడ్డే గది రెండూ ఒకే హెడ్డులో దొరుకుతాయి. పైగా పి90కి పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ పోర్టులు చదరంగా, ఏ అడ్డూ లేకుండా ఉంటాయి. దాని జంట పి79కి, అంతకుముందు ఎన్47కీ పోర్టు లోపల ఉక్కు తొడుగులు వేశారు. పొగ చల్లారకుండా, మిగిలిన పెట్రోలు దారిలోనే కాలిపోవాలని అమెరికా కాలుష్య నిబంధనల కోసం చేసిన ఏర్పాటది. వాతావరణానికి మేలే, కానీ ఆ తొడుగు పోర్టును ఇరుకు చేస్తుంది, గ్రైండరు పెట్టి ఆకారం దిద్దుకునే వీలూ ఇవ్వదు. నన్నడిగితే టర్బో లేని ఎల్28కు మామూలు పెట్రోలు బంకు మీద ఆధారపడే మనిషి వెతకాల్సింది పి90నే. ఇ31కి పేరు ఎక్కువ, 2.8 లీటర్లకు అక్కర తక్కువ.

చెక్కడం మాత్రం సులువుగా చెప్పినంత సులువు కాదు. హెడ్డు 2 మి.మీ. కిందికి దిగితే దాని మీదున్న క్యామ్‌షాఫ్టూ 2 మి.మీ. కిందికి దిగుతుంది. టైమింగ్ చైను వదులవుతుంది, వాల్వులు ఆలస్యంగా తెరుచుకుంటాయి, చైను బిగించే టెన్షనర్ తన హద్దు దాటి బయటికి వస్తుంది. అదృష్టవశాత్తూ ఎల్ ఇంజన్‌లో క్యామ్‌షాఫ్ట్ విడిగా బిగించిన ఐదు టవర్ల మీద కూర్చుంటుంది. ఆ టవర్ల కింద 2 మి.మీ. రేకులు పెట్టి దాన్ని తిరిగి పైకి లేపుతారు. అప్పుడు వాల్వు కాడ పొట్టిదైపోతుంది. పొడుగు కాడ వాల్వులో, కాడ తల మీద పెట్టే మందమైన బిళ్లలో వాడి ఆ కొరత పూడ్చాలి. పూడ్చింది సరిపోయిందా అన్నది కళ్లతో చూసి తేల్చుకోవాల్సిన విషయం. క్యామ్ కదలికను వాల్వుకు అందించే రాకర్ ముఖానికి మార్కర్ సిరా పూసి, క్యామ్‌షాఫ్ట్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి, రాకర్ విప్పి చూస్తారు. క్యామ్ తుడిచిన మెరుపు పట్టీ రాకర్ ముఖం మధ్యలో పడాలి. ఒక అంచుకు జరిగి ఉంటే బిళ్ల మార్చి మళ్లీ చూడాలి. పన్నెండు రాకర్లకీ ఈ ముచ్చట తప్పదు. ఈ పని ఎగ్గొట్టినవాడి క్యామ్‌షాఫ్ట్ ఎక్కువ కాలం బతకదు.

ఇక గాలి సంగతి. 6000 ఆర్‌పీఎం వద్ద పిస్టన్ పై నుంచి కిందికి దిగడానికి పట్టేది ఐదు మిల్లీసెకన్లు. ఆ కాస్త వ్యవధిలో దాదాపు 459 సీసీల గాలి పోర్టులోంచి లోపలికి రావాలి. పోర్టు వ్యాసం 35 మి.మీ. అనుకుంటే సగటు వేగం సెకనుకు 95 మీటర్లు. దాన్ని 40 మి.మీ.కి తొలిచేస్తే వేగం 73కి పడిపోతుంది. దారి వెడల్పైంది, గాలి తీరిగ్గా నడిచింది. ఈ వేగానికి ఒక విలువుంది. వేగంగా కదిలే గాలి స్తంభానికి ఊపు ఉంటుంది. పిస్టన్ కింది నుంచి తిరిగి పైకి లేవడం మొదలుపెట్టాక కూడా ఆ ఊపుతోనే గాలి లోపలికి తోసుకొస్తుంది. పోర్టు మరీ పెద్దదైతే ఆ ఊపు పోతుంది. 2000 ఆర్‌పీఎం దగ్గర వేగాలు మూడో వంతుకు దిగుతాయి, తొలిచిన పోర్టులో సెకనుకు 24 మీటర్లే. ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఇంజన్ ఉక్కిరిబిక్కిరవుతుంది. రేసుకు 7500 తిప్పేవాడికి పెద్ద పోర్టు కావాలి. రోడ్డు మీద తిరిగేవాడికి కావాల్సింది పోర్టు మధ్యభాగాన్ని ముట్టుకోకుండా, వాల్వు సీటుకు వెనకా ముందూ ఉన్న సెంటీమీటరు, సెంటీమీటరున్నర మేర నునుపు చేసుకోవడం. సీటును ఒకే కోణంలో కాకుండా 30, 45, 60 డిగ్రీల మూడు మెట్లుగా కోయడం, పోర్టు వంపు తిరిగే లోపలి మలుపును మెత్తగా దిద్దడం. గాలి తడబడేది అక్కడ. అద్దంలా పాలిష్ చేసిన పోర్టు చూడ్డానికి బాగుంటుంది, కారుకు దానివల్ల ఒరిగేది పెద్దగా లేదు.

వాల్వు పెద్దదైతే మంచిదన్న మాటా ఇలాంటిదే. ఇ31 ఇన్‌లెట్ వాల్వు 42 మి.మీ., ఎన్42ది 44. విస్తీర్ణంలో దాదాపు పది శాతం ఎక్కువ. వినడానికి బ్రహ్మాండం. కానీ ఎన్42 రెండు వాల్వులూ కలిపితే 44, 35 మొత్తం 79 మి.మీ. ఎల్24 బోరు 83. రెండు పక్కలా, మధ్యలో కలిపి మిగిలేది నాలుగే మిల్లీమీటర్లు. వాల్వు తెరుచుకున్నా దాని ఒక అంచు సిలిండర్ గోడకు రాసుకున్నట్టే ఉంటుంది, ఆ వైపు నుంచి గాలి రాదు. అదే హెడ్డు 86 బోరు మీద ఊపిరి పీల్చుకుంటుంది. కాబట్టి 2.4 లీటర్ల ఇంజన్‌కు ఇ31, ఇ88ల చిన్న వాల్వులే చాలావరకు సబబు. ఒక్క జాగ్రత్త, ఆ తొలి హెడ్ల వాల్వు సీట్లు సీసం కలిపిన పెట్రోలు కాలానివి. నేటి పెట్రోలుకు గట్టి సీట్లు మార్పించుకోవాలి.

ఇప్పుడు పొడవు తెచ్చే తంటా. అల్యూమినియం ఇనుము కంటే రెట్టింపు సాగుతుంది. 650 మి.మీ. పొడవున్న ముక్కను 80 డిగ్రీలు వేడి చేస్తే అల్యూమినియం 1.2 మి.మీ. సాగితే ఇనుము 0.6 దగ్గరే ఆగుతుంది. ఇంజన్ వేడెక్కి చల్లారిన ప్రతిసారీ హెడ్డు బ్లాకు మీద ఆ మేరకు జారబోతుంది, బోల్టులు పట్టి ఉంచుతాయి. ఒక్కసారి నీళ్లు అయిపోయి ఇంజన్ మరిగిందంటే ఆ పెనుగులాటలో హెడ్డు వంగుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో లారీ హెడ్డును ఫేసింగ్‌కిచ్చే మెకానిక్‌కు ఇది కొత్త సంగతేం కాదు. ఇక్కడున్న మెలిక వేరు. వంగిన హెడ్డు అడుగును చదును చేస్తే అడుగు చదునవుతుంది గానీ, పైన క్యామ్ టవర్లు కూర్చునే వరస వంకరగానే ఉండిపోతుంది. టవర్లు బిగించాక క్యామ్‌షాఫ్ట్ చేత్తో తిప్పితే సులువుగా తిరగాలి. పట్టేస్తే ఆ హెడ్డును ముందు వేడి చేసి సాపు చేయాలి, ఆ తర్వాతే చెక్కడం. పాత హెడ్డు కొనేవాడు మొదట కొలవాల్సింది మందం. కొత్తలో అది దాదాపు 108 మి.మీ. తక్కువుంటే ఎవరో ముందే చెక్కారన్నమాట, కాగితం మీది సీసీల లెక్క ఇక పనికిరాదు.

ఆ లెక్కను నమ్మకుండా స్వయంగా కొలుచుకోవడం ఉత్తమం. హెడ్డును తిరగేసి బల్ల మీద పెట్టి, వాల్వులూ ప్లగ్గూ బిగిస్తారు. గుంట చుట్టూ పలచగా గ్రీజు రాసి, చిన్న రంధ్రం చేసిన మందపాటి అక్రిలిక్ పలకను అదిమి మూస్తారు. గాలి బుడగ రంధ్రం దగ్గరికి చేరేలా హెడ్డును కాస్త వాల్చి, కెమిస్ట్రీ ల్యాబులో వాడే బ్యూరెట్టుతో రంగు కలిపిన కిరోసిన్ వదులుతారు. చివరి బుడగ పోయినప్పుడు బ్యూరెట్టు మీది గీత ఎంత చూపితే గుంట అంత. ఆరు గుంటలూ కొలిస్తే ఆరూ ఒకలా ఉండవు. ఏళ్ల తరబడి వాల్వు సీట్లు గ్రైండ్ చేసిన చోట వాల్వు లోతుకు దిగి, ఆ గుంట పెరిగి ఉంటుంది. చిన్నగా ఉన్న గుంటలను కొద్దికొద్దిగా గీకి, పెద్దదానికి సమానం చేస్తారు. ఎందుకంటే ఆరింటికీ స్పార్క్ టైమింగ్ ఒకటే, ముందుగా నాకింగ్ మొదలుపెట్టే సిలిండరే మిగిలిన ఐదింటి గతినీ నిర్ణయిస్తుంది. ఎల్ ఇంజన్లలో ఆ పని సాధారణంగా వెనకనున్న ఐదోదో ఆరోదో చేస్తుందని కట్టేవాళ్లు చెబుతారు. నీళ్ల పంపు ముందుంది, వెనకకు చేరేసరికి నీరు వేడెక్కుతుంది.

ఈ హెడ్లన్నిటికీ కలిసి ఒక పుట్టులోపం ఉంది. గాలి వచ్చే పోర్టులూ పొగ పోయే పోర్టులూ ఒకే పక్కన ఉంటాయి. ఎర్రగా కాలే ఎగ్జాస్ట్ గొట్టాల మీదే కార్బురేటర్లు వేలాడతాయి, లోపలికొచ్చే గాలి వేడెక్కుతుంది. ఒక పక్కన గాలి, ఎదురు పక్కన పొగ ఉండే హెడ్డును నిస్సాన్ రేసుల కోసం కొద్ది సంఖ్యలో చేసింది. ఒకయామాకు చెందిన ఓఎస్ గికెన్ సంస్థ ఎల్ బ్లాకు మీద కూర్చునేలా రెండు క్యామ్‌షాఫ్టులు, 24 వాల్వులతో ఒక హెడ్డు చేసింది. దానికయ్యే ఖర్చుతో మామూలు మనిషి ఇంకో కారు కొనుక్కోవచ్చు. అయినా ఎల్ ఇంజన్ వాళ్లు తమను అదృష్టవంతులనుకోవాలి. షెవర్లే 250 ఆరు సిలిండర్ల ఇంజన్‌కు ఇన్‌లెట్ పోర్టులు మూడే. రెండేసి సిలిండర్లు ఒకే పోర్టు పంచుకోవాలి, దాని నడిమధ్యలోంచి హెడ్డు బోల్టు దిగుతుంది. ఆ దిమ్మను కోసేసి, పోర్టు నేల మీద గాలిని మలిపే ఉబ్బు ఒకటి అమర్చడమే అక్కడి కట్టేవాళ్ల ప్రధాన విద్య.

చివరగా పెట్రోలు. అమెరికా బంకు మీద ఆక్టేన్ అంకె 91 అని రాసి ఉంటే అది మన 91 కాదు. అక్కడ రెండు రకాల పరీక్షల సగటు వేస్తారు, మనం వాటిలో ఒకటైన ఆర్‌ఓఎన్ మాత్రమే చెబుతాం. వాళ్ల 87 మన 91తో సమానం, వాళ్ల 91 మన 95కు దగ్గర. పైన చెప్పిన పి90 సలహా ఆ 91కి లోబడి చెప్పినది. 85 శాతం దాకా ఇథనాల్ కలిసే ఇ85 ఇంధనం దొరికే ఊళ్లో ఉన్నవాడికి లెక్క తిరగబడుతుంది. ఇథనాల్ ఆవిరయ్యేటప్పుడు పెట్రోలు కంటే రెట్టింపుకు మించి వేడిని లాక్కుంటుంది, లోపలికొచ్చే మిశ్రమాన్ని చల్లబరుస్తుంది, ఆక్టేన్ ఎటూ ఎక్కువే. అలాంటి చోట తీసి పక్కన పెట్టిన ఎన్42ను ఫ్లాట్ టాప్ పిస్టన్ల మీద పెట్టి, 10.2తో నిశ్చింతగా నడుపుకోవచ్చు. హెడ్డును చెక్కే పనీ, టవర్ల కింద రేకుల పనీ ఉండవు. కార్బురేటర్ జెట్లు పెద్దవి వేసి, ఇంధనం దాదాపు మూడో వంతు ఎక్కువ పొయ్యాలి, పాత రబ్బరు గొట్టాలన్నీ మార్చాలి. ఆ బంకు లేని ఊరికి ప్రయాణం పెట్టుకుంటే డిక్కీలో డబ్బాతో ఇంధనం మోసుకుపోవాలి, లేదా దారిలో ఆగి జెట్లు మార్చుకోవాలి.